బాపుతో కలిసి బొగ్గుగని కార్మికుడి కూతురి ఊరికి

మా బాపు గోదావరిఖనిలో ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయి పని చేశాడు. కోల్ ఫిల్లర్‌గా చేరి, తట్ట, చెమ్మస్ (పార) పట్టి బొగ్గు టబ్బులు నింపి, చివరి పదేళ్లు కాస్త తేలిక పనిలో ఉండి రిటైర్ అయ్యాడు. ఆయన మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు నయాగరాకూ న్యూయార్క్‌కూ తీసుకెళ్లాను, మర్యాదగా చూశాడు, ఫొటోలు దిగాడు, అంతే. ఈసారి వచ్చినప్పుడు మాత్రం నా మనసులో ఎన్నేళ్లుగానో ఉన్న యాత్ర చేద్దామనుకున్నాను. అమెరికా పల్లెపాటల్లాంటి 'కంట్రీ' సంగీతంలో పెద్ద పేరున్న గాయని లొరెట్టా లిన్ పుట్టిన ఊరు, పాడిన వేదికలు, చివరికి కన్నుమూసిన ఊరు, మొత్తం అయిదు రోజులు. మా ఆయనకు సెలవు దొరకలేదు, అవ్వ, అంటే మా అమ్మ, ఇంటి దగ్గర చెల్లెలి పసిబిడ్డను చూసుకుంటోంది. కాబట్టి కారులో నేనూ బాపూ ఇద్దరమే.

మొదటి రోజు: కొలంబస్ నుంచి పెయింట్స్‌విల్

మా ఇంటికి దగ్గర్లో పోయే యూఎస్ 23 రోడ్డు పట్టుకుని దక్షిణానికి పోతూనే ఉంటే, పోర్ట్స్‌మౌత్ దాటాక ఒహాయో నది అవతల కెంటకీ మొదలవుతుంది, అదే రోడ్డు నేరుగా లొరెట్టా సొంత జిల్లాకు తీసుకెళ్తుంది. ఈ సంగతి నాకు తెలిసిన రోజు ఎంత ఆనందమైందో చెప్పలేను, రోజూ ఆఫీసుకు పోయే దారి ఆమె ఊరి దారే! కెంటకీలో ఈ రోడ్డుకు 'కంట్రీ మ్యూజిక్ హైవే' అని పేరు పెట్టారు. ఒక్కో కౌంటీ పొలిమేరలో ఆ కౌంటీ నుంచి వచ్చిన గాయకుల పేర్లతో బోర్డులుంటాయి. రికీ స్కాగ్స్, బిల్లీ రే సైరస్, డ్వైట్ యోకమ్, క్రిస్ స్టేపుల్టన్... ఈ కొండల మధ్య ఇంతమంది ఎలా పుట్టారని అడిగితే నా దగ్గర ఒకటే జవాబుంది: పని కష్టం, ఊళ్లు విడివిడి, చర్చిలోనూ ఇంటి అరుగు మీదా పాట తప్ప వేరే కాలక్షేపం లేదు.

దారిలో బాపుకు ఆమె గురించి చెబుతూ వచ్చాను. 1932 ఏప్రిల్ 14న పుట్టింది, ఎనిమిది మంది పిల్లల్లో రెండోది. తండ్రి టెడ్ వెబ్ వాన్ లియర్ బొగ్గుగనిలో కార్మికుడు. పదిహేనేళ్లకే పెళ్లి, ఇరవై దాటేసరికి నలుగురు పిల్లలు. "నలుగురా?" అన్నాడు బాపు, కాసేపాగి, "మా పెద్దక్కకు గూడ గట్లనే" అన్నాడు. చాలాకాలం ఆమె తన పెళ్లి పదమూడేళ్లకే అయిందని చెప్పుకుంటూ వచ్చింది, 2012లో పాత రికార్డులు బయటపడ్డాక అసలు వయసు తేలింది. దీన్ని పట్టుకుని ఆమెను తప్పుబట్టినవాళ్లున్నారు. పదమూడైనా పదిహేనైనా చిన్నపిల్లే కదా, అందులో పెద్ద తేడా ఏముందని నాకు అనిపిస్తుంది.

లూయిసా దాటాక బిగ్ శాండీ నది వెంట రైలు పట్టాలు కనిపించగానే బాపు కిటికీకి అతుక్కుపోయాడు. రాత్రి పెయింట్స్‌విల్‌లో భోజనం ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె. బాపు రొట్టె తుంచి గింజల్లో అద్దుకుని తింటూ ఇదేదో మన తిండిలాగే ఉందన్నాడు. అమెరికాకు వచ్చాక మెతుకు మిగల్చకుండా తిన్న మొదటి హోటల్ భోజనం అదే.

రెండో రోజు: వాన్ లియర్, బుచర్ హాలర్

రెండు కొండల మధ్య ఇరుకుగా సాగే లోయను ఇక్కడివాళ్లు 'హాలర్' అంటారు. పుస్తకాల్లో హాలో అని ఉంటుంది, నోటిమాటలో మాత్రం హాలరే, ఆమె కూడా జీవితాంతం అలాగే పలికింది. ఎంత పేరొచ్చినా తన యాస మార్చుకోలేదు, అది నాకు ఆమెలో చాలా ఇష్టమైన విషయం.

ముందు వాన్ లియర్‌లో ఆగాం. ఈ ఊరిని కట్టింది కన్సాలిడేషన్ కోల్ అనే కంపెనీ. ఇళ్లు, బడి, దుకాణం, ఆస్పత్రి, అన్నీ కంపెనీవే, ఆఖరికి ఊరి పేరు కూడా కంపెనీ డైరెక్టర్ ఒకాయన పేరే. పాత ఆఫీసు భవనంలో ఇప్పుడు చిన్న మ్యూజియం ఉంది. వేళలు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లాం. క్యాప్ ల్యాంపులు, పారలు, అన్నం డబ్బాలు చూస్తూ బాపు మాటలు పెరిగాయి. మామూలుగా పది మాటలు అడిగితే ఒకటి చెప్పే మనిషి, అక్కడ ఒక్కో వస్తువు ముందు ఆగి నాకు పాఠం చెప్పాడు. ఇది కార్బైడ్ దీపం, ఇది గ్యాస్ చూసే దీపం, మంట రంగు మారితే బయటికి రావాల్సిందే...

అక్కడి గనుల్లో ఆ రోజుల్లో జీతానికి బదులు కంపెనీ సొంత నాణేలిచ్చేవాళ్లు, వాటిని స్క్రిప్ అంటారు. కంపెనీ దుకాణంలో తప్ప ఇంకెక్కడా చెల్లవు. బాపు ఆ మాట విని చాలాసేపు ఆలోచించాడు. "మాకు గూడ సూపర్ బజార్ ఉండె గని, జీతం మాత్రం నోట్లే. గిది బాగలేదు బిడ్డా. ఇచ్చినట్టే ఇచ్చి ఆళ్లే గుంజుకునుడు" అన్నాడు. నేను చదివిన ఏ పుస్తకమూ ఆ పద్ధతిని ఇంత తక్కువ మాటల్లో చెప్పలేదు.

అక్కణ్నుంచి బుచర్ హాలర్ కొద్ది మైళ్లే. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సినంత సన్నటి రోడ్డు. ఫోన్ సిగ్నల్ పోయింది, నాకు టెన్షన్ మొదలైంది, బాపు మాత్రం నిమ్మళంగా కూర్చున్నాడు. లోయలోకి పోతుంటే వెబ్స్ గ్రోసరీ అనే కొట్టు వస్తుంది. ఒకప్పుడు అది బొగ్గు కంపెనీ అయిదో నంబరు దుకాణం, తర్వాత లొరెట్టా కుటుంబం చేతికొచ్చింది. ఇల్లు చూడాలంటే అక్కడ కొద్దిపాటి డబ్బు కట్టాలి. ఆ డబ్బిచ్చి ఇంకాస్త లోపలికి పోతే, కొండ ఏటవాలు మీద చెక్క ఇల్లు, ముందు వసారా.

ఎంత చిన్న ఇల్లు! పదిమంది ఇందులో ఎలా పడుకున్నారో ఊహకు అందదు. చలిగాలి రాకుండా వాళ్లమ్మ క్లారా గోడలకు పత్రికల కాగితాలు అంటించేదట, వాటిలో ఉన్న సినిమా తార లొరెట్టా యంగ్ బొమ్మ చూసే కూతురికి ఆ పేరు పెట్టింది. ఆ గదిలో నిలబడితే నాకు మా పాత క్వార్టర్ గుర్తొచ్చింది. బాపుది నైట్ షిఫ్ట్ అయితే పగలంతా మేం గుసగుసలుగానే మాట్లాడుకోవాలి, గిన్నె కింద పడితే అవ్వ కళ్లెర్ర చేసేది. ఒక్క గదిలో తెర కట్టి అటు బాపు నిద్ర, ఇటు మా చదువు.

1969లో ఆమె తన బతుకు మీదే ఒక పాట రాసుకుంది. పేరు 'కోల్ మైనర్స్ డాటర్', బొగ్గుగని కార్మికుడి కూతురు. గుట్ట మీది గుడిసె, రాత్రంతా గనిలో కష్టపడే నాన్న, బట్టలుతికి ఉతికి నెత్తురు కారే అమ్మ వేళ్లు, ఎండాకాలం చెప్పుల్లేని కాళ్లు, అన్నీ అందులో ఉంటాయి. ఆమె ఇంకా చాలా చరణాలు రాసింది, పాట మరీ పొడుగైందని నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ కొన్ని తీయించాడు. తీసేసిన ఆ చరణాల్లో ఏమున్నాయో అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో! 1970 అక్టోబరులో విడుదలై డిసెంబరుకు, ఏ పాటకు ఎంత ఆదరణ ఉందో చెప్పే బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అదే డిసెంబరు 30న కెంటకీలోనే హైడెన్ దగ్గర గని పేలి 38 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ల పిల్లల కోసం ఆమె లూయివిల్‌లో కచేరీ పెట్టించి డబ్బు పోగు చేసింది. పాటలో గని కార్మికుడి పేరు చెప్పుకుని ఊరుకోలేదన్నమాట.

ఇంకో సంగతి చెప్పినప్పుడు బాపు మొహం మారిపోయింది. గనుల్లో పని తగ్గిపోయి టెడ్ వెబ్ కుటుంబం ఇండియానా రాష్ట్రానికి వలసపోయింది, ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము పేరుకున్న ఆ మనిషి 1959లో యాభై రెండేళ్ల వయసులో పోయాడు. కూతురి మొదటి రికార్డు వచ్చింది 1960లో. అంటే ఆమె గాయని అయినట్టు ఆయనకు తెలియనే తెలియదు. బాపు ఏమీ అనలేదు, వసారాలో కూర్చుని ఎదురు గుట్ట వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను కదిలించలేదు.

నేను ఇంటర్‌లో హాస్టల్‌లో చేరినప్పుడు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర 'సింగరేణి ఉద్యోగి' అని రాశాను. అబద్ధం కాదు. కానీ కోల్ ఫిల్లర్ అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఈ పాట మొదటిసారి విన్నప్పుడు, ఆమె తన గర్వాన్ని మొదటి ముక్కలోనే గొంతెత్తి చెప్పడం చూసి నాకు ఒళ్లు జలదరించింది. ఈ మాట బాపుకు అప్పటిదాకా చెప్పలేదు. ఆ వసారాలో చెప్పాను. "రాస్తే ఏమయితుండె, రాయకుంటే ఏమయితుండె, ఫీజు కట్టింది బాయి పైసలే గద" అని నవ్వాడు.

మూడో రోజు: నాష్‌విల్ దారి

రోజంతా ప్రయాణమే. కొండలు దిగి, లెక్సింగ్టన్ మీదుగా, గుర్రాల పచ్చికబయళ్లు దాటి నాష్‌విల్ చేరేసరికి సాయంత్రమైంది. దారంతా ఆమె పాటలే. భర్త డూలిటిల్ 1953లో పదిహేడు డాలర్లకు ఒక గిటార్ కొనిచ్చాడు, అప్పటికి వాళ్లు కెనడా సరిహద్దు దగ్గర వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నారు. తనే నేర్చుకుంది. మొదటి రికార్డు చిన్న కంపెనీ వేసింది, ప్రచారానికి డబ్బు లేదు. మొగుడూ పెళ్లాం కారెక్కి ఊరూరా రేడియో స్టేషన్లకు వెళ్లి, ఈ పాట వెయ్యండని స్వయంగా అడిగారు. అది కంట్రీ జాబితాలో 14వ స్థానం దాకా పోయింది! కొత్తగా మొదలుపెట్టే వాళ్లెవరైనా ఈ కథ వినాలి.

డూలిటిల్ తాగుబోతు, పరాయి ఆడవాళ్ల వెంట పోయేవాడు, ఆమె మీద చెయ్యి చేసుకునేవాడు, ఆమె కూడా తిరిగి కొట్టానని చెప్పుకుంది. అయినా తనను గాయనిని చేసింది అతనేననీ చెప్పేది. నాకు ఆ మనిషంటే కోపం, ఆమె మాటను కొట్టిపారేయలేను. ఆ కోపతాపాల్లోంచే ఆమె గొప్ప పాటలు పుట్టాయి, తాగొచ్చిన మొగుణ్ని గుమ్మంలోనే నిలదీసే పాటలు, తన సంసారం జోలికొచ్చిన ఆడమనిషిని హెచ్చరించే పాటలు. 1975లో గర్భనిరోధక మాత్ర మీద పాట విడుదలైతే ఎన్నో రేడియో స్టేషన్లు దాన్ని వేసేది లేదన్నాయి. ఆరుగురు పిల్లల తల్లి ఆ మాట పాడితే వద్దనడానికి వాళ్లెవరు?

రాత్రి రైమన్ ఆడిటోరియం ముందు ఆమె కంచు విగ్రహం చూశాం. 2020 అక్టోబరులో పెట్టారు, గిటార్‌తో ఉంటుంది. దానికి అరవై ఏళ్ల ముందు, 1960 అక్టోబరు 15న, ఈ భవనంలోనే గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే పేరున్న కంట్రీ సంగీత రేడియో కార్యక్రమంలో ఆమె మొదటిసారి పాడింది. హోటల్‌కు డబ్బుల్లేక ఆ ముందు రాత్రి మొగుడూ పెళ్లాం ఇదే వీధిలో కారులో పడుకున్నారు.

నాలుగో రోజు: హాల్ ఆఫ్ ఫేమ్, ఓప్రీ

కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో గుండ్రటి పెద్ద గది ఉంది. గోడ చుట్టూ సభ్యుల కంచు ఫలకాలు. ఆమెది 1988 నాటిది. బాపు ఇన్ని ఫలకాల్లో ఆమెదెక్కడుందో తనే వెతుకుతానని చుట్టూ తిరిగి, మొహం గుర్తుపట్టి నన్ను పిలిచాడు. 

అక్కడ కూర్చుని ఆమెకొచ్చిన గౌరవాలు ఒక్కొక్కటే చెప్పాను, ఎందుకంటే బాపు "సర్కారోళ్లు ఏమన్న ఇచ్చిన్రా?" అని అడిగాడు. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్' ఇచ్చింది, ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమె. గాయకుడు కాన్వే ట్విట్టీతో కలిసి పాడిన యుగళగీతాలకు వరుసగా నాలుగేళ్లు, 1972 నుంచి 75 దాకా, ఉత్తమ జంట. 2003లో కెనెడీ సెంటర్ గౌరవం. 2008లో పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్, 2010లో గ్రామీ వాళ్ల జీవితకాల పురస్కారం. 2013 నవంబరులో ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్. అంటే మన భారతరత్న లాంటిదే బాపూ అన్నాను. "బొగ్గుబాయోని బిడ్డకా!" అని ఆ పక్కనున్న వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది 2004 నాటి ఆల్బమ్ కథ. డెబ్బై రెండేళ్ల వయసులో, మనవడి ఈడు రాక్ గాయకుడు జాక్ వైట్‌తో కలిసి చేసింది, దానికి రెండు గ్రామీలు వచ్చాయి. ఆ ఆల్బమ్ పేరులో వాన్ లియర్ ఉంది. అంత పేరొచ్చాక కూడా మళ్లీ ఆ గని ఊరి పేరే! సినిమా సంగతీ చెప్పాలి. ఆమె జీవితం మీద 1980లో వచ్చిన సినిమాలో లొరెట్టాగా నటించి సిస్సీ స్పేసెక్ ఆస్కార్ గెలిచింది, లొరెట్టా పాటలన్నీ తనే పాడింది. ఆ అమ్మాయిని ఫొటో చూసి ఎంచుకున్నది లొరెట్టానే.

శుక్రవారం కాబట్టి రాత్రి ఓప్రీకి టికెట్లు తీసుకున్నాం. 1974లో కొత్త భవనానికి మారినప్పుడు రైమన్ వేదిక నుంచి ఆరడుగుల గుండ్రటి చెక్క ముక్కను కోసి తెచ్చి ఇక్కడి వేదిక మధ్యలో బిగించారు. గాయకులు దాని మీద నిలబడే పాడతారు. లొరెట్టా 1962లో ఓప్రీ సభ్యురాలైంది, 2017లో చిట్టచివరి చెల్లెలు క్రిస్టల్ గేల్‌ను తనే సభ్యురాలిగా చేర్చుకుంది. ఆ చెక్క మీద దీపం పడినప్పుడు నాకు కన్నీళ్లొచ్చాయి. బాపుకు ఫిడేలు బాగా నచ్చింది, మాటలు అర్థం కాకపోయినా కాలితో తాళం వేస్తూనే ఉన్నాడు.

అయిదో రోజు: హరికేన్ మిల్స్

నాష్‌విల్ నుంచి పడమరకు గంటకు పైగా ప్రయాణం. 1966లో లొరెట్టా ఇక్కడ తెల్ల స్తంభాల పాత బంగ్లా ఒకటి చూసి ముచ్చటపడి కొంటే, దాంతోపాటు ఊరంతా వచ్చింది, పిండిమిల్లుతో సహా. ఇక్కడికి దగ్గర్లోనే, కామ్డెన్ పక్కన, 1963 మార్చిలో గాయని ప్యాట్సీ క్లైన్ ఎక్కిన విమానం కూలి ఆమె చనిపోయింది. కొత్తగా వచ్చిన లొరెట్టాను పోటీ అనుకోకుండా చేరదీసి, బట్టలిచ్చి, వేదిక మీద ఎలా ఉండాలో నేర్పిన స్నేహితురాలు ఆమె. మరుసటి ఏడాది పుట్టిన తన కవలల్లో ఒకరికి ప్యాట్సీ అని ఆ స్నేహితురాలి పేరే పెట్టుకుంది లొరెట్టా.

2021 ఆగస్టులో ఈ ప్రాంతాన్ని వరద ముంచింది, ఒక్క రోజులో పదిహేడు అంగుళాలు దాటిన వాన, కౌంటీలో ఇరవై మంది పోయారు, అందులో ఆమె పొలం చూసుకునే పెద్దమనిషి ఒకరు. ఆ మరుసటి ఏడాది అక్టోబరు 4న ఆమె ఇదే ఇంట్లో నిద్రలోనే కన్నుమూసింది, తొంభై ఏళ్లు. ఇక్కడి నేలలోనే, 1996లో పోయిన డూలిటిల్ పక్కన, ఆమెను ఉంచారు.

మ్యూజియంలో గౌన్లు, బహుమతులు అన్నీ చూశాం, కానీ మేం ఎక్కువసేపు గడిపింది వేరే చోట. బుచర్ హాలర్ ఇంటికి నకలు ఒకటి, దానితోపాటు నకలు బొగ్గుగని ఒకటి ఆమె ఇక్కడ కట్టించింది. ఎన్ని పురస్కారాలొచ్చినా ఇంటి ఆవరణలో నాన్న పనిచేసిన చీకటిని కట్టి పెట్టుకుంది. బాపు లోపలికి అడుగుపెట్టగానే తల వంచి నడిచాడు, అక్కడ అంత వంగాల్సిన అవసరం లేకపోయినా. కర్ర మొద్దు మీద అరచెయ్యి వేసి, వేలి కణుపులతో పైకప్పు మీద రెండుసార్లు కొట్టి చెవి పెట్టి విన్నాడు. రూఫ్ గట్టిదైతే ఒక చప్పుడు, బోలుగా ఉంటే ఇంకో చప్పుడు, రోజూ షిఫ్ట్ మొదట్లో అట్ల చూసుకునేవాళ్లమని చెప్పాడు. ముప్పై నాలుగేళ్లు ఆ చప్పుడు వింటూ ఆయన బతికి బయటికొచ్చాడని నాకు ఆ నకలు గనిలోనే తెలిసింది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో బాపు ఆ పాట మళ్లీ పెట్టమన్నాడు. ఒక్కో వరస ఆపి తెలుగులో చెబుతూ పోయాను. సగంలో ఆపమని చెయ్యెత్తాడు.

"ఆళ్ల నాయినది ఏ షిఫ్ట్ బిడ్డా?"

"నైట్ షిఫ్టే బాపూ, రాత్రంతా పనే అంటుంది."

"నైట్ షిఫ్టా..." అని కాసేపు రోడ్డు వైపు చూశాడు. "అయితే ఆయన ఇంటికొచ్చే యాళ్లకు పిల్లలు బడికి పోతుంటరు."